ఇన్‌వర్డ్ ముద్ర పడ్డ హార్మోనియం

మా ఆఫీసులో ఈమెయిలుకు ఇన్‌వర్డ్ నంబరు వేసేవాళ్లం. ఎవరికి చెప్పినా నవ్వుతారు, నవ్వాలి కూడా. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో ఇంకా బండలు పేలుస్తున్న రోజులవి. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని లోకమంతా భయపడుతుంటే, ఆ భయం మీద బతికే కంపెనీల్లో మాదొకటి. పేరుకు సాఫ్ట్‌వేర్ కంపెనీయే గానీ, ఇరవై మందికి కలిపి ఈమెయిలు చిరునామా ఒక్కటే, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరూ ఒక్కటే. దాని ముందు కుర్చీ నాది.

పొద్దున పదకొండుకు ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి మోడెం కీచుమంటూ లైను పట్టుకునేది. వచ్చిన మెయిళ్లన్నీ దించుకుని, లైను తెంపేసి, ఒక్కొక్కటీ ప్రింటు తీసి, పై మూల నీలం సిరాతో ఇన్‌వర్డ్ ముద్ర కొట్టి, నంబరూ తేదీ వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, ఎవరి ట్రేలో వాళ్లకు వేయాలి. ఇది మేనేజరుగారి ఏర్పాటు. ఆయన ఏదో ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంటుగా చేసి, ముందుగానే రిటైరై, యజమానికి చుట్టం కావడంతో మా నెత్తిన వచ్చి కూర్చున్నారు. తెర మీద ఉత్తరం చదవడం ఆయనకు నామోషీ. కాగితం మీద, ముద్రతో, నంబరుతో వస్తేనే అది ఉత్తరం.

నేను ఎం.సి.ఎ. ఫస్ట్ క్లాసులో పాసై, అమీర్‌పేట హాస్టల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది ముద్రలు కొట్టడానికా అని రోజూ ఒళ్లు మండేది. ఒకసారి పనికిరాని మెయిళ్లను ప్రింటు తీయకుండానే చెరిపేస్తే, పిలిపించి క్లాసు పీకారు. వచ్చిన ఉత్తరాన్ని చించే అధికారం నాకు లేదని, ఏది పనికొస్తుందో తేల్చేది తానని చెప్పారు. సరేనన్నాను. ఆ రోజు నుంచి బట్టతలకు మందులు, ఇంట్లో కూర్చుని లక్షలు సంపాదించే ఉపాయాలు, ఎవరో రాకుమారుడి నిధి, అన్నిటినీ ప్రింటు తీసి, ముద్ర కొట్టి, వరుస నంబర్లతో ఆయన ట్రేలో పేర్చాను. ఆయన బట్టతల కాగితాన్ని కూడా ఆసాంతం చదివి, 'చూశాను' అని రాసి, సంతకం చేసి ఫైలుకు పంపేవారు. ఆ ఆఫీసులో నాకు అంతకు మించిన వినోదం లేదు.

అలా వచ్చిన వాటిలో ఒకటి వాయిద్యాల ఉత్తరం. భర్త పోయిన ఒకావిడ ఇంగ్లీషులో రాసినట్టుగా ఉంది. ఆయన సంగీతం మాస్టారట, జీవితమంతా వాయిద్యాలు పోగేశాడట. ఆవిడ ఇప్పుడు చిన్న ఇంటికి మారుతోందట, అమ్ముకోవడానికి మనసొప్పక, దేవుడి పాటలు పాడుకునేవాళ్లకు వాటిని ఉచితంగా పంచేస్తుందట. పియానోలు, వయొలిన్లు, గిటార్లు, రీడ్ ఆర్గన్లు అంటూ ఒక వరుస. మనం చేయాల్సిందల్లా ప్యాకింగుకూ ఓడకూ అయ్యే ఖర్చు పంపడమే. అదీ పది రోజుల్లో. అడిగేవాళ్లు ఎక్కువైపోతారు గనక ఎవరితోనూ అనకూడదు.

చదివి నవ్వుకున్నాను. మోసం చేసేవాడికైనా చేసే పని మీద కాస్త శ్రద్ధ ఉండొద్దా? పైన పంపినవారి పేరు మగవాడిది, కింద సంతకం ఆడమనిషిది, జవాబు రాయమన్న చిరునామా మూడో మనిషిది. ఆవిడ ఉండేది ఒక దేశంలో, డబ్బు పంపాల్సింది ఇంకో దేశంలో ఉన్న ఎవడికో. ఏళ్ల తరబడి ఆ వాయిద్యాల దుమ్ము దులిపిన మనిషి వాటిలో ఒక్కదాని గురించైనా ఒక్క ముక్క రాయలేదు. ఏది ఎక్కడ కొన్నారో, దేని తీగ తెగిందో, ఏది ఎత్తాలంటే ఎంతమంది కావాలో, ఏమీ లేదు. ఓడ ఖర్చు మాత్రం పైసలతో సహా ఉంది. ఇక 'మీకు మాత్రమే రాస్తున్నాను' అన్న ఆ ఉత్తరం పైన, అది ఇంకా ఎవరెవరికి వెళ్లిందో ఆ చిరునామాలన్నీ అక్షర క్రమంలో అరపేజీ అచ్చయ్యాయి. చచ్చిపోయిన మనిషినీ ఏడ్చే మనిషినీ కల్పించి అడుక్కునే ఆ నీచుడికి, చిరునామాలు దాచుకునే పాటి తెలివి కూడా లేదు. ఇలాంటి అతుకుల బొంతను నమ్మేవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట ఉంటారని మాత్రం వాడికి తెలుసు. వాడి చదువంతా అదే.

ఆ ఒకచోట మా మేనేజరు గదేనని నాకూ తెలుసు. ముద్ర కొట్టాను, సంతకం పెట్టాను, ఆయన ట్రేలో అన్నిటికంటే పైన పెట్టి వచ్చి కూర్చున్నాను.

మేనేజరుగారిది తెనాలి వైపు. పద్యనాటకాలు చూస్తూ పెరిగిన మనిషి. ఆ నాటకాల్లో కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయించే పెద్ద హార్మోనియం ఉండేది, దాన్ని లెగ్ హార్మోనియం అనేవాళ్లు. ఆయన నిఘంటువు తీసి రీడ్ ఆర్గన్ అంటే ఏమిటో చూసుకున్నారు. కాళ్లతో తొక్కేది అన్న ముక్క కనపడింది. ఇంకేం కావాలి? గదిలోంచే కేకేసి జనరేటర్ ఆపరేటరును పిలిపించారు. మా ఇద్దరి గదుల మధ్య ఉన్నది ప్లైవుడ్ గోడ, నాకు ప్రతి మాటా వినపడింది.

ఆపరేటరు గోపన్‌పల్లి మనిషి, యాభై దాటినవాడు. కరెంటు పోయినప్పుడల్లా వెనకాల షెడ్డులో జనరేటరు నడపడం ఆయన పని. ఊళ్లో మాత్రం ఆయన భజన మండలి పెద్ద, హార్మోనియం వాయిస్తాడు. శనివారం శనివారం ఆంజనేయస్వామి గుడి ముందు భజన. ఆ హార్మోనియాన్ని వాళ్లు ఉత్తినే 'పెట్టె' అంటారు. పెట్టె తిత్తి చిరిగి గాలి పోతోందని, రెండు మెట్లు పలకడం లేదని ఆఫీసులో అందరికీ తెలుసు, ఎందుకంటే ప్యాకింగు టేపు మిగిలితే పారేయకుండా తనకు ఇమ్మని అందరినీ అడిగేవాడు.

మేనేజరు ఆ ఉత్తరాన్ని ఆయనకు తెలుగులో చదివి వినిపించారు. చదవడం ఏమిటి, హరికథ చెప్పారు. ఆవిడ కన్నీళ్లు, ఆ మాస్టారి మంచితనం, ఉత్తరంలో లేని ఇంటి వెనక పూలతోట కూడా వచ్చాయి. పైనున్న ఆ అరపేజీ చిరునామాలను చూపించి, ఎంత పెద్ద సంస్థ అయితే ఇన్ని వివరాలు వేస్తారో చూడవయ్యా అన్నారు. ఓడ ఖర్చు తానే పెట్టుకుంటానని కూడా అన్నారు. గోడకు ఇవతల నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. మేనేజరు తన సొంత జేబులోంచి డబ్బు తీసి ఆ మోసగాడి చేతిలో పోసే దృశ్యం ఊహించుకుంటే కడుపు నిండిపోయింది.

ఆపరేటరు మాత్రం ఒప్పుకోలేదు. దేవుడి ముందర పెట్టే పెట్టె ఊరికే రాగూడదని, మండలి చెయ్యి కూడా పడాలని అన్నాడు. సగం వాళ్లు వేసుకుంటారట. ఆ మాట కూడా నేను విన్నాను. ఖర్చు అడిగినందుకు అనుమానపడాల్సింది పోయి, ఖర్చు అడిగారు గనకనే వాళ్లకు అది మర్యాదైన దానంలా కనపడింది. పూర్తిగా ఉచితం అని ఉంటే ఆపరేటరు దండం పెట్టి వెనక్కి పోయేవాడేమో. నేనైతే, మేనేజరు తన డాబు కొద్దీ మొత్తం తానే కట్టేస్తాడులే అనుకుని ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆపరేటరు నా దగ్గరికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ నా టేబులు దాకా రాలేదు. చేతులు తుడుచుకుని, ఆ కాగితాన్ని రెండు చేతులతో నా ముందు పెట్టి, నీలం ముద్ర మీద వేలు ఆనించకుండా చూపించాడు.

"గీ ముద్ర మీదేనా మేడం?"

"నాదే."

"పక్కన దస్కత్?"

"అదీ నాదే," అన్నాను, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మంచిదన్నాడు. కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన అడిగింది ముద్ర గురించి కాదని నాకు తెలుసు. ఇంగ్లీషు రాని మనిషి, పై అధికారిని అనుమానించలేని మనిషి, ఇంకెలా అడుగుతాడు? ఇది నిజమేనా అని అడిగాడు, నేను నిజమేనన్నాను. అడిగినదానికే జవాబు చెప్పానని అప్పుడు నాకు నేను నచ్చజెప్పుకున్న తెలివిని తలుచుకుంటే, ఆ మెయిలు రాసినవాడి తెలివి కంటే నాది ఏ పాటి మెరుగో తెలియదు.

డబ్బు వెళ్లింది. అందులో మండలి సగం ఉందో లేదో నేను అడగలేదు. ఆ తర్వాత వారానికి రెండో ఉత్తరం వచ్చింది. ఓడ రేవులో కస్టమ్స్ వాళ్లు ఆపారని, ఇంకొంచెం పంపాలని. దానికీ నంబరు వేశాను. మేనేజరు తలాడిస్తూ, విదేశీ సరుకు కదా, కస్టమ్స్ ఉంటుంది మరి అన్నారు. నాకు ఇంకా ఆట ముగియలేదనే సంతోషం. ఈసారి పంపినవారి పేరు కూడా మారిపోయిందని ఆయన గమనించలేదు. గమనించేలా నేనూ చేయలేదు.

మర్నాడు ఆపరేటరు కాగితం పొట్లంలో కొబ్బరి ముక్కలు, బెల్లం కలిపిన అటుకులు తెచ్చి అందరికీ పంచాడు. నా టేబులు దగ్గర ఇంకాస్త ఎక్కువ పెట్టాడు. ఏమిటి విశేషం అని అడిగాను.

"మా పెట్టె పక్కూరోల్లకు ఇచ్చినం మేడం. ఏకాదశి మంచిగుందని గా దినమే అప్పజెప్పినం."

పాత పెట్టెను ఎందుకిచ్చారని అడిగితే అప్పుడు చెప్పాడు. కొత్త పెట్టె వస్తుందంటే, అది గుడి మెట్టెక్కేలోపే పాతదాన్ని కొత్తగా మొదలైన ఏదో ఒక మండలికి ఇచ్చేయాలి. పసుపు కుంకుమ పెట్టి, కొత్త తుండు చుట్టి, తాళాలు కొట్టుకుంటూ ఊరి పొలిమేర దాకా మోసుకెళ్లి అప్పజెప్పాలి. రెండు పెట్టెలు ఒక్కచోట ఉంటే వాయించేవాళ్లు ఇద్దరవుతారు, ఇద్దరైతే మండలి రెండుగా చీలుతుంది, వాళ్ల తాతల కాలంలో అలాగే చీలిందట. ఇచ్చినదాన్ని మళ్లీ అడగకూడదు. అతుకుల పెట్టె ఇస్తున్నామే అని సిగ్గుపడి, ఇచ్చేముందు తిత్తి కొత్త తోలుతో కుట్టించి, పలకని మెట్లు రెండూ చార్మినార్ దగ్గర బాగుచేయించి ఇచ్చారట.

చేతిలోని అటుకులు టేబులు మీద పెట్టేశాను. అప్పటిదాకా నాకు అది మేనేజరు మూర్ఖత్వం మీద నడుస్తున్న ఆట. నిజంగా పోతున్నది ఏమిటో నేను ఒక్కసారి కూడా అడిగి తెలుసుకోలేదు.

లేచి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాను. మూడు పేర్లు, రెండు దేశాలు, అరపేజీ చిరునామాలు, అన్నీ కాగితం మీద వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని వేరే చోట వేలు పెట్టారు.

"ఇన్‌వర్డ్ చేసింది నువ్వే కదమ్మా. తప్పుడు ఉత్తరమైతే ముద్రెందుకు వేశావు?"

ప్రతిదానికీ వేయమన్నది మీరే కదా అన్నాను. వేయమన్నానేగాని చదవొద్దన్నానా అన్నారు. ఆ మనిషి మీద నాకున్న చులకన ఆ క్షణంలో పదింతలైంది. కానీ ఆయనన్నది నిజం. నేను చదివాను. ఆ ఆఫీసులో దాన్ని సరిగ్గా చదివింది నేనొక్కదాన్నే.

ఆయనకు రుజువు కావాలి గనక, ఆ 'ఆవిడ'కు నేనే ఒక మెయిలు రాశాను. మాకిస్తానన్న రీడ్ ఆర్గన్‌కు మెట్లు ఎన్ని, తిత్తులు ఎన్ని, ఒక ఫోటో పంపగలరా, మీరుండే ఊరు ఏది, మా వాళ్ల బంధువు ఒకాయన ఆ దేశంలోనే ఉన్నాడు, స్వయంగా వచ్చి తీసుకుంటాడు అని. అబద్ధమే. సాయంత్రం నాలుగు గంటల మెయిల్లో జవాబు వచ్చింది. మెట్ల మాట లేదు, ఊరి మాట లేదు. కస్టమ్స్ డబ్బు రెండు రోజుల్లో పంపకపోతే పియానో వేరేవాళ్లకు పోతుందని ఉంది. మేమడిగింది రీడ్ ఆర్గన్, వాడు రాసింది పియానో. మోసపోయేవాడు ఏమడిగాడో గుర్తుపెట్టుకునే ఓపిక కూడా ఆ వెధవకు లేదు.

మేనేజరు అది చదివి, 'చూశాను' అని రాయకుండానే సొరుగులో పెట్టేశారు. కస్టమ్స్ డబ్బు పంపలేదు. మర్నాడు పొద్దున నాకు ఒక మెమో వచ్చింది. ఇకపై వచ్చిన మెయిళ్లను జాగ్రత్తగా పరిశీలించిన మీదటే ఇన్‌వర్డ్ చేయవలెనని, నిర్లక్ష్యం సహించబడదని. మెమోకు ఔట్‌వర్డ్ నంబరు కూడా ఉంది. ఆపరేటరుకు మీరు చెబుతారా అని అడిగితే, మేనేజరు గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, నువ్వు ఎలాగూ అన్నీ తెలిసినదానివి కదమ్మా, నువ్వే చెప్పు అన్నారు. పూలతోటను కల్పించి చెప్పిన నోరు, రావడం లేదు అన్న ఒక్క మాట చెప్పడానికి పెగల్లేదు.

షెడ్డు దాకా రెండుసార్లు వెళ్లి తిరిగి వచ్చేశాను. శనివారం సాయంత్రం గచ్చిబౌలి మీదుగా గోపన్‌పల్లి బస్సు ఎక్కాను. భజనకు ముందే చెప్పేద్దామనుకున్నాను గానీ, నేను వెళ్లేసరికే మొదలుపెట్టేశారు. పది పదిహేను మంది గుడి ముందు చాప మీద కూర్చున్నారు. నన్ను చూడగానే ఆపరేటరు లేచి వచ్చి, మన పెట్టె తెప్పిస్తున్న మేడం ఈమేనని అందరికీ చెప్పాడు. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

పెట్టె లేని భజన ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను. శ్రుతి పట్టి ఉంచేది ఏదీ లేదు. మొదటాయన పై స్థాయిలో ఎత్తుకున్నాడు, రెండో చరణానికి మిగతావాళ్ల గొంతులు అందలేదు, ఆపేశారు. మళ్లీ కిందికి దించి మొదలుపెట్టారు, ఈసారి సగానికి వచ్చేసరికి తలా ఒక దారిన పోయారు. ఎవరికీ కోపం రాలేదు. ఓడ ఎక్కిందట, ఇంకో నెల ఓపిక పడితే చాలు అని ఒకరికొకరు చెప్పుకుని, నా వైపు చూసి నవ్వారు. ఆపరేటరు తాళాలు వాయించాడు. నేను తల దించుకుని చప్పట్లు కొట్టాను. ఇంత సిగ్గు నా జన్మలో ఎరగను.

భజన అయ్యాక, చీకటి పడుతుండగా, ఆపరేటరు నన్ను బస్సు రోడ్డు దాకా దిగబెట్టడానికి వచ్చాడు. పెట్టె రావడం లేదని దారిలో చెప్పాను. అడ్రసు తప్పు పడ్డదా అని అడిగాడు. ఆవిడ లేదు, మాస్టారు లేడు, వాయిద్యాలు లేవు, అదంతా డబ్బు గుంజడానికి ఎవడో అల్లిన కథ అని చెప్పాను. మీకెప్పుడు తెల్సింది అని అడిగాడు.

మొదటి రోజే అన్నాను. ఎందుకో ఆయనకు అబద్ధం చెప్పాలనిపించలేదు.

"గా దినం నేనొచ్చి అడిగితి గద మేడం. జర చెప్తే అయిపోతుండె."

మేనేజరు సొంత డబ్బు పోగొట్టుకుంటే చూసి నవ్వుకుందామనుకున్నానని చెప్పాను. మీ పెట్టె సంగతి తెలియదన్నాను. పక్క ఊరివాళ్లతో నేను వెళ్లి మాట్లాడతానన్నాను. ఇచ్చినంక ఎట్ల అడుగుతం అన్నాడు. అయితే నా జీతంలోంచి కొత్తది కొనిస్తానన్నాను. ఆ మాట పూర్తికాకముందే వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆయన గొంతులో కోపం లేదు, ఉన్నట్టయితే నాకు తేలికగా ఉండేది.

"మీరు సార్‌ను చూసి నవ్విన్రు. సార్ మిమ్మల్ని ముంగటికి తోసిన్రు. కొట్లాట మీ ఇద్దరిది మేడం. పెట్టె మాది."

బస్సు రావడానికి ఇంకా పావుగంట పట్టింది. ఒంటరి ఆడపిల్లను రోడ్డు మీద వదిలేసి పోవడం ఆయనకు చేతకాదు. నాకు నాలుగడుగుల దూరంలో, అటు తిరిగి, బస్సు వచ్చేదాకా నిలబడ్డాడు.